దత్తాత్రేయులు గారి పేరు మీద నడిచిన స్క్రోలింగు

శ్రీ దత్తాత్రేయులు గారు 1998 జూన్ పదిహేనో తేదీ, సోమవారం ఉదయం, తిరువూరులోని మన కట్లేరు కేబుల్ విజన్ కార్యాలయంలో కంట్రోల్ రూమ్ ఇన్‌ఛార్జిగా విధుల్లో చేరారు. ఆ రోజు మొదలు, ఈ 2009 అక్టోబరు ముప్పై ఒకటో తేదీన యాభై ఎనిమిదేళ్లు నిండి పదవీ విరమణ చేసేంత వరకు, కార్యదీక్షనూ నిజాయితీనీ కోపాన్నీ ఏ ఒక్కదాన్నీ ఇసుమంతైనా తగ్గించకుండా పనిచేశారు. మొదటి రెండింటి గురించీ ఈ వీడ్కోలు సంచికలో అందరూ రాస్తారు. మూడోదాని గురించి రాయడానికి నేనున్నాను.

నేను సుభానిని, ఈ సంస్థలో లైన్‌మన్‌ని. స్తంభం ఎక్కడం వచ్చు గానీ వ్యాసం రాయడం రాదు. నేను చెబుతుంటే కంట్రోల్ రూమ్‌లో పనిచేసే ఆసిమా గారు రాస్తున్నారు. కార్యదీక్ష లాంటి మాట ఎక్కడ కనిపించినా అది ఆవిడ వేసిందే. ఆయన కోపం గురించి చెబుతానన్నాను గానీ, చదువుతూ పోతే ఇందులో ఎక్కువ కోపం నాదేనని మీకే తెలుస్తుంది.

వీడ్కోలు సభలో ఏం బహూకరించమంటారని కమిటీ తరఫున మేం ఆయన ఇంటికి వెళ్లి అడిగాం. శాలువా వద్దన్నారు. షీల్డు వద్దన్నారు. గజమాల మాట ఎత్తితే లేచి చెప్పులేసుకున్నారు.

"మూడేళ్ల కిందట నా పేరు మీద టీవీలో స్క్రోలింగు తిప్పారు. దాన్ని వెనక్కి తీసుకోమనండి. తీసుకుంటే సభకొస్తా. లేకపోతే ఆ కుర్చీకే శాలువా కప్పి, దానికే దండేసి, దానికే చప్పట్లు కొట్టుకోండి."

ఈ మాట మన యజమాని సుందరరావు గారికి చెప్పాం. "పాత సంగతులు ఇప్పుడెందుకురా, శాలువా కాస్త పెద్దది తెప్పిద్దాం" అన్నారు. ఈ సంచికలో కూడా ఆ సంగతి రాయొద్దన్నారు. నేను సరేనని వచ్చి, ఇదిగో, ఆ సంగతే రాయిస్తున్నాను.

ఈ సంస్థకు రాకముందు దత్తాత్రేయులు గారు మన ఊళ్లోనే ఒక సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటరు. కేబుల్ వచ్చాక జనం ఇళ్లలోనే సినిమాలు చూడ్డం మరిగి, ఆ హాలు మూతపడి, మామిడికాయల గోడౌన్ అయింది. అప్పుడాయన తన హాలును ముంచిన కేబుల్ ఆఫీసుకే వచ్చి, సుందరరావు గారి ఎదురుగా కూర్చున్నారు. "మీ సినిమాలో మాట ముందొస్తోంది, పెదాలు తర్వాత కదులుతున్నాయి. మా హాలు ఎట్లాగూ మూయించారు. కనీసం సినిమా అన్నా సరిగ్గా వెయ్యండి" అన్నారు. సుందరరావు గారు నవ్వి, "అయితే మీరే వెయ్యండి" అని తాళంచెవులు చేతికిచ్చారు. ఆ రోజుల్లో మన యజమానికి ఒకరు చెబితే వినే గుణం ఉండేది.

కొత్తగా చేరినవాళ్లకు ఆయన కోపం ఎలాంటిదో తెలియదు కాబట్టి చెబుతున్నాను. నేను స్తంభం మీద ఉండగా ఆయన కింద నుంచి ఒక్క కేక వేస్తే, వైరు దానంతటదే బిగుసుకుని విస్సన్నపేటలో బొమ్మ బాగుపడేది. బస్టాండులో ఆయన కండక్టరును "టైమెంతయిందండీ" అని అడిగితే, ఎ.కొండూరు బస్సు డ్రైవరు లేకుండానే రెండడుగులు ముందుకు కదిలిందని చూసినవాళ్లున్నారు. ఆ చూసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఒక ఎండాకాలం రెడ్డిగూడెం తోటల్లో మామిడికాయలు చెట్టు మీదే ముందుగా పండిపోయాయి. ఎండల వల్లేనని రైతులంటారు. ఆ వారం ఆయన ఆ తోట పక్కన యాంప్లిఫయరు దగ్గర నిలబడి ఎవరితోనో ఫోన్లో మాట్లాడారు. ఆ సంగతి రైతులకు తెలియదు.

అయితే ఆ కోపం ఎప్పుడూ మనిషి మీద కాదు, తప్పు మీద. తప్పు ఎవరిదైనా ఒకటే కొలత. ఒకసారి ఆయనే పొరపాటున సినిమా రెండో క్యాసెట్టు ముందు వేసేశారు. కథానాయకుడు చచ్చిపోయాక పుట్టాడు. కాసేపటికి కంట్రోల్ రూమ్‌లోంచి ఒకటే తిట్లు. లోపల పాపం ఎవరు దొరికిపోయారోనని తలుపు తీసి చూస్తే, గదిలో ఆయన ఒక్కరే ఉన్నారు. మమ్మల్ని చూసి కూడా ఆపలేదు. పూర్తిగా తిట్టుకున్నాకే టీ అడిగారు.

2003లో క్యాసెట్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. విజయవాడ నుంచి శరత్‌చంద్ర గారనే ఇంజనీరు వచ్చి ఐదు మిషన్లు బిగించారు. ఐదూ ఒకేలాంటి తెల్ల డబ్బాలు. సినిమాలు, పాటలు, భక్తి కార్యక్రమాలు, ఊరి వార్తలు, ప్రకటనలు అన్నీ వాటిలోనే ఉండి టైము ప్రకారం జనం ఇళ్లకు వెళ్లేవి. ఏ మిషను ఏ లైనుకు పనిచేస్తే ఆ ఊరి పేరు స్టిక్కరు మీద రాసి దాని ముఖాన అంటించారు. తిరువూరు, విస్సన్నపేట, రెడ్డిగూడెం, ఎ.కొండూరు, గంపలగూడెం. అసలు సరుకంతా తిరువూరు మిషనులోది. మిగతా నాలుగూ దానికి నకళ్లు.

ప్రకటనల కోసం జనం తెచ్చే సీడీల్లోంచి నెలనెలా ఏదో ఒక వైరసు దూరేది. అప్పుడు ఒక్కో మిషనునూ కూర్చుని బాగుచేయడం కంటే, మొత్తం తుడిచేసి మళ్లీ నింపడమే తేలిక. అన్నింటినీ వైర్లతో కలిపి, ఐదింటినీ లోపలి డిస్కుతో కాకుండా సీడీతో లేపి, నల్ల తెర మీద ఒకే ఒక్క వరుస టైపు చేసి ఎంటర్ కొట్టాలి. ఇచ్చే మిషనులో ఉన్నది ఉన్నట్టుగా తీసుకునే మిషన్లలోకి దిగిపోతుంది. తీసుకునేదానిలో అంతకు ముందేమున్నా ఆనవాలు కూడా మిగలదు. ఆ పద్ధతి నేర్పుతున్నప్పుడు నేను అక్కడే వైర్లు లాగుతున్నాను.

"ఇది 'నిజంగా చెయ్యమంటారా' అని అడగదా?" అన్నారు దత్తాత్రేయులు గారు.

"అడగదండీ," అన్నారు శరత్‌చంద్ర గారు. "ఏది ఇవ్వాలో, ఏవి తీసుకోవాలో మీరెట్లా చెప్తే అట్లా చేస్తుంది."

"తప్పు చెప్తే?"

"తప్పే చేస్తుంది. కానీ చాలా శ్రద్ధగా చేస్తుంది."

"మా వాళ్లకంటే నయం," అని నా వైపు చూశారు.

ఆ తర్వాత మూడేళ్లు నెలనెలా ఆ పని ఆయనే చేశారు. ఆ గంటసేపూ గదిలోకి ఈగ కూడా వెళ్లేది కాదు. వెళ్లిన ఒకటి మళ్లీ బయటికి రాలేదు. ఆ మూడేళ్లలో ఆయన చేతిలో ఒక్క మిషనూ పాడవలేదు.

ఇక 2006 దసరా.

పండక్కి ముందు విస్సన్నపేట మిషనులో డిస్కు కాలిపోయింది. తెల్లకాగితంలా ఏమీ లేని కొత్త డిస్కు తెచ్చి బిగించారు. పూజ అయిన మర్నాడు, ఆ నెల మిగతావాటిని తుడిచి నింపేటప్పుడే దాన్నీ నింపుదామని పెట్టారు. ఈ లోపల ఆయుధపూజ వచ్చింది.

మన ఆఫీసులో ఆయుధపూజ ఘనంగా చేస్తారు. నా నిచ్చెనకూ నా కటింగ్ ప్లేయరుకూ కూడా బొట్టు పెట్టి నా చేతికిస్తారు. నాకది ఎప్పుడూ సంతోషమే. ఆ ఏడాది సుందరరావు గారికి, ఐదు మిషన్లనూ స్టాండులోంచి దించి అమ్మవారి ముందు వరసగా పెట్టాలనీ, ఆ పూజను మన చానల్లో లైవు ఇవ్వాలనీ బుద్ధి పుట్టింది. దత్తాత్రేయులు గారు మేడ మీద లైవు చూసుకుంటున్నారు. డబ్బాలు మోసింది నేను. డబ్బాల ముఖాన స్టిక్కర్లు ఉంటే బొట్లకు అడ్డమొస్తున్నాయని సుందరరావు గారు వాటిని గోటితో ఒక్కొక్కటే పీకి పక్కన గోడకు అంటించారు. పూజయ్యాక పంతులు గారు, "యజమాని చేత్తోనే మళ్లీ యథాస్థానంలో పెట్టండి" అన్నారు. యజమాని చేత్తోనే పెట్టారు. స్టిక్కర్లు కూడా యజమాని చేత్తోనే అంటించారు.

"సార్, అది ఈ చివర ఉండేది కాదూ?" అన్నాను నేను.

"పూజ దగ్గర నీకెందుకురా, పక్కకుండు," అన్నారు.

ఇదంతా లైవులో తిరువూరు నుంచి రెడ్డిగూడెం దాకా ప్రతి ఇంట్లోనూ చూశారు. చూస్తూ దండం కూడా పెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున్నే దత్తాత్రేయులు గారు ఐదింటినీ సీడీతో లేపారు. అలా లేపితే ఐదూ ఒకే నల్ల తెర చూపిస్తాయి, ఏది ఏదో ముఖం చూసి చెప్పలేం. తిరువూరు అని స్టిక్కరున్న డబ్బాకు 'నువ్వు ఇవ్వు' అని, మిగతా నాలుగింటికీ 'మీరు తీసుకోండి' అని చెప్పి ఎంటర్ కొట్టారు. ఆ స్టిక్కరు కింద ఉన్నది విస్సన్నపేట డబ్బా, అంటే ఖాళీది. అది తనలో ఉన్న ఖాళీని, ఒక్క చుక్క పక్కకు పోకుండా, చాలా శ్రద్ధగా నాలుగింటికీ పంచిపెట్టింది. అసలు తిరువూరు మిషను కూడా ఆ నాలుగింటిలో ఉంది.

సినిమాలంటే మళ్లీ కొనుక్కోవచ్చు. కానీ ఎనిమిదేళ్ల ఊరు అందులో ఉంది. బడుల వార్షికోత్సవాలు, పెళ్లిళ్లు, ఉరుసులు, క్రిస్మస్ నాటికలు, కట్లేరు వాగు పొంగినప్పటి బొమ్మలు అన్నీ పోయాయి. మన లోకల్ చానళ్లన్నీ ఉత్త నీలం తెరలయ్యాయి. ఎ.కొండూరులో నేను స్తంభం ఎక్కి ఉండగా కింద జనం పోగై, బొమ్మ వచ్చేదాకా దిగొద్దన్నారు. అన్నం పైకే పంపారు, పప్పుచారు కూడా బాగుంది, కానీ దిగనివ్వలేదు. కాసేపటికి కాకులు నన్ను వాటిలో ఒకడినే అనుకుని మెతుకులు అడగడం మొదలుపెట్టాయి. నేను దిగి ఆఫీసుకు చేరేసరికి గదిలో యజమానీ దత్తాత్రేయులు గారూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు.

"ఏం చేశావయ్యా?" అంటున్నారు సుందరరావు గారు. ఎనిమిదేళ్లు మీరు అన్న మనిషి.

"కమాండు కొట్టాను. తిరువూరు స్టిక్కరున్న డబ్బాకు కొట్టాను. ఆ స్టిక్కరు అంటించింది మీరు."

"అంటే పూజ చేస్తే పాడైందంటావా?"

"పూజ వల్ల కాదండీ. పూజయ్యాక ఒకదాని చోట ఒకటి పెట్టడం వల్ల."

"అమ్మవారి ముందు పెట్టి తీసినవాటిని పట్టుకుని పండగ పూట అపశకునం మాటలా? నీ తప్పు తీసుకెళ్లి దేవుడి మీద పెడతావా?"

"దేవుడి మీద పెట్టలేదు. మీ మీద పెట్టాను."

నేను ముందుకొచ్చి, "నేను చూశాను సార్, డబ్బాలు మారాయి" అన్నాను.

"నువ్వు పూజల సంగతి మాట్లాడొద్దు సుభానీ," అన్నారు.

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. నేను పూజ సంగతి మాట్లాడలేదు. నేను మోసిన డబ్బాల సంగతి మాట్లాడాను. ఎవరు మోస్తే వాళ్లకు తెలుస్తుంది ఏది ఎక్కడిదో. దానికి మతంతో పనేముంది? ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ ఏం జరిగిందో తెలుసు. అందరూ నేల చూశారు. పూజ తర్వాత పొరపాటు జరిగిందనడానికి ఒక్కరికీ నోరు రాలేదు. ఎందుకంటే ఆ మాట అంటే పూజనే తప్పుపట్టినట్టవుతుందని అందరికీ భయం.

ఆ సాయంత్రమే స్క్రోలింగు వచ్చింది. స్క్రోలింగు నడిపే మిషను వేరే కాబట్టి, అన్నీ పోయినా అదొక్కటి బతికి ఉంది. నీలం తెర అడుగున తెల్ల అక్షరాలు: 'మా ఆపరేటర్ దత్తాత్రేయులు నిర్లక్ష్యం వల్ల ప్రసారాలకు అంతరాయం కలిగినందుకు చింతిస్తున్నాము.' ఇన్‌ఛార్జి అన్న హోదా పోయింది. గారు కూడా పోయింది. వారం రోజులు పైన బొమ్మ లేదు, కింద ఆయన పేరు మాత్రం ఉంది. చూడ్డానికి ఇంకేమీ లేనప్పుడు జనం ఉన్నదాన్నే చదువుతారు. చదవడం రానివాళ్లు పక్కవాళ్ల చేత చదివించుకున్నారు.

ఇక ఉద్యోగం మానేస్తారనుకున్నాం. మానలేదు. ఆపరేటర్ అని పిలిపించుకుంటూనే రోజూ వచ్చి, పని అయ్యాక సైకిలేసుకుని ఇంటింటికీ వెళ్లి, మన చానల్లో వచ్చినవాటి క్యాసెట్లూ సీడీలూ ఎవరి దగ్గరున్నా అడిగి తెచ్చి, మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టారు. మా ఇంటికి కూడా వచ్చారు. మా అమ్మ పీర్‌బీ గుమ్మంలో బియ్యం ఏరుకుంటోంది.

"నువ్వేనా బాబూ, టీవీ చెరిపేసినాయనవి?" అంది.

"అవునమ్మా."

"కళ్లు కనపడవా ఏం?"

"కనపడతాయమ్మా. ఆ రోజు సరిగ్గా చూడలేదు."

"మా మనవరాలి పెళ్లి మీ దగ్గరే ఉందన్నారు. అదీ పోయిందా?"

"పోయింది. మీ దగ్గర క్యాసెట్టుంటే ఇవ్వండి, మళ్లీ ఎక్కిస్తాను."

"ఇస్తా. మళ్లీ చెరిపావంటే మాత్రం మీ ఇంటికొచ్చి కూర్చుంటా. అన్నం కూడా అక్కడే తింటా."

నాకు ఒళ్లు మండిపోయి, "అమ్మా, తెలియకుండా మాట్లాడకు, తప్పు ఆయనది కాదు" అన్నాను.

"టీవీలో వేశారు కదరా," అంది మా అమ్మ. "అబద్ధమైతే టీవీలో వేస్తారా?"

నేను ఇంకా ఏదో అనబోతుంటే దత్తాత్రేయులు గారు నా భుజం పట్టుకున్నారు. "వదిలెయ్ సుభానీ. ఇట్లా ఎన్ని గుమ్మాల్లో నిలబడి చెప్తావు?" అన్నారు. మా అమ్మ తెచ్చిచ్చిన క్యాసెట్టును కండువాలో చుట్టి సైకిలు బుట్టలో పెట్టుకున్నారు. ఆయన ఆ పూట కోపంగా లేరు. ఆయన్ని కోపం లేకుండా చూడటం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది. ఆ రోజు నుంచి ఆయన వంతు కోపం కూడా నేనే పడుతున్నాను.

అలా మూడేళ్లలో పోయినదాంట్లో చాలావరకు తిరిగొచ్చింది. స్క్రోలింగు మాత్రం అలాగే ఉండిపోయింది. తెర మీద ఆగిపోయినా జనం నోళ్లలో నడుస్తూనే ఉంది. విస్సన్నపేటలో షేరాటో వాడు కూడా ఆయన్ని చూసి, "చెరిపేసే సార్, జరిగి కూర్చోండి" అన్నాడు.

ఈ దసరాకూ మన ఆఫీసులో పూజ జరిగింది. ఈ దసరాకూ యజమాని చేత్తోనే స్టిక్కర్లు పీకారు, యజమాని చేత్తోనే డబ్బాలు సర్దారు. పోయిన సోమవారం బాధ్యతలు అప్పగించే రోజు వచ్చింది. ఇకపై మిషన్లు చూసుకోవలసింది ఆసిమా గారు. ఆ నెల తుడిచి నింపే పని కూడా ఆ రోజే ఉంది. దత్తాత్రేయులు గారు యజమానిని కూడా గదిలోకి పిలిపించి తన కుర్చీ చూపించారు.

"నేనా? నాకేం తెలుసండీ ఇవి," అన్నారు సుందరరావు గారు.

"తెలియక్కర్లేదు. ఇందులో తిరువూరు మిషను ఏదో చూపించండి చాలు. పండక్కి పెట్టింది మీరేగా."

సుందరరావు గారు స్టిక్కరు చదివి ఒక డబ్బా మీద చెయ్యి వేశారు. "ఇదే."

"ఖాయమేనా?"

"ఖాయమే. రాసుంది కదా."

"సరే, ఆసిమా ఒక్కో అక్షరం చెబుతుంది, మీరు కొట్టండి."

2006 తర్వాత దత్తాత్రేయులు గారు పెట్టుకున్న పద్ధతి అది. డబ్బా మీద స్టిక్కరు మారుతుంది గానీ మిషను లోపల దానికిచ్చిన నంబరు మారదు. సరుకున్న మిషను నంబరుకు 'సీడీ పెట్టే అర తెరువు' అని నల్ల తెర మీద కమాండు కొడితే, ఆ డబ్బా ఏ మూలనున్నా దాని అర బయటికొస్తుంది. అది కళ్లారా చూశాకే ఏ పనైనా. ఆయన స్టిక్కర్లను నమ్మడం మానేసి మూడేళ్లయింది.

సుందరరావు గారు ఒక చెయ్యి డబ్బా మీదే ఉంచి, రెండో చేతి వేలితో వెతుక్కుంటూ టైపు చేసి ఎంటర్ కొట్టారు. అందరం ఆయన చెయ్యి కింద డబ్బానే చూస్తున్నాం. అది కదల్లేదు. ఆ చివర, రెడ్డిగూడెం అని రాసున్న డబ్బా టక్కున నాలుక బయటపెట్టింది.

సుందరరావు గారు వంగి తన చెయ్యి కింది స్టిక్కరును మళ్లీ చదివారు.

"ఇంకోసారి," అన్నారు సుందరరావు గారు. అర మూసి మళ్లీ కొట్టారు. మళ్లీ అదే వెక్కిరించింది.

"ఇప్పుడు మీరు చూపించినదాన్ని ఇమ్మని ఎంటర్ కొట్టుంటే ఏమయ్యేదండీ?" అన్నారు దత్తాత్రేయులు గారు.

"అంతా పోయేది."

"అంతా పోదు. ఇది ఖాళీది కాదు. ఆ రోజుది ఖాళీది."

సుందరరావు గారు వెళ్లి ఆ తెరుచుకున్న అరను చేత్తో లోపలికి నెట్టారు. "ఇట్లా అని అప్పుడు చెప్పలేదేంటండీ?" అన్నారు.

"చెప్పాను. సుభాని కూడా చెప్పాడు."

అనవలసింది మూడేళ్ల నుంచి నా నోట్లోనే ఉంది గానీ, ఆయన ముఖం చూశాక అది బయటికి రాలేదు. సుందరరావు గారు లేచి, పక్కనున్న స్క్రోలింగు మిషను దగ్గర కూర్చుని, ఎవరినీ సాయం అడగకుండా ఒక్కో అక్షరమే టైపు చేశారు. కాసేపటికి ఊరంతా వచ్చింది: '2006 దసరాకు ప్రసారాలు ఆగిపోవడానికీ దత్తాత్రేయులు గారికీ ఎలాంటి సంబంధం లేదు. పొరపాటు పూర్తిగా యాజమాన్యానిది. క్షమించగలరు.'

మేమంతా సంతోషించాం. ఆసిమా గారైతే కళ్లు తుడుచుకున్నారు (ఈ వాక్యం కొట్టేయమంటున్నారు, నేను ఒప్పుకోలేదు). దత్తాత్రేయులు గారు కళ్లజోడు పెట్టుకుని దాన్ని చివరిదాకా చదివారు. చదివాక ముఖం ఎర్రబడింది. మూడేళ్లుగా లోపలే దాచుకున్న అసలు కోపం అప్పుడొచ్చింది. గదిలో ఫ్యాను తిరగడం మానేసి చెవులొగ్గింది.

"ఎవరండీ ఇట్లా రాయమంది? సంబంధం లేదంటే ఏంటి? ఎంటర్ కొట్టింది నా వేలు కాదా?"

"మీరడిగిందే కదండీ, వెనక్కి తీసుకోమని," అన్నారు సుందరరావు గారు బిత్తరపోయి.

"వెనక్కి తీసుకోమన్నాను. ఒక అబద్ధం తీసి ఇంకో అబద్ధం తిప్పమన్లేదు. ఆసిమా, ఇటు కూర్చో. నేను చెప్పింది కొట్టు."

ఆయన చెప్పారు, ఆవిడ కొట్టారు: '2006 దసరా పూజ తర్వాత మిషన్లు మార్చి పెట్టి, స్టిక్కర్లు మార్చి అంటించినది యజమాని సుందరరావు. సరిచూసుకోకుండా కమాండు కొట్టినది కంట్రోల్ రూమ్ ఇన్‌ఛార్జి దత్తాత్రేయులు.'

"గారు పెట్టాలా సార్?" అని అడిగారు ఆసిమా గారు.

"యజమానికి పెట్టు."

"ముందు ఇన్‌ఛార్జి గారికి పెట్టమ్మా," అన్నారు సుందరరావు గారు.

రెండు గార్లతో ఆ స్క్రోలింగు, మొదటిది నడిచినన్నాళ్లూ నడవాలని యజమానే ఆర్డరు వేశారు. మా అమ్మ దాన్ని నా చేత చదివించుకుని, "అయితే ఇద్దరూ కలిసి చెరిపేశారన్నమాట" అంది. ఈ వ్యాసం కూడా సుందరరావు గారు ఇక్కడిదాకా చదివి, ఒక్క అక్షరం తీయకుండా అచ్చుకు పంపమన్నారు. రాయొద్దన్న మాట దగ్గర మాత్రం కాసేపు ఆగారట.

నిన్న పొద్దున దత్తాత్రేయులు గారి భార్య కనకలక్ష్మి గారు నాకు కబురు పెట్టారు. ఆ ఇంటికి మూడేళ్లుగా కేబుల్ లేదు. ఊరంతటికీ బొమ్మ పంపే మనిషి ఇంట్లో బొమ్మ లేదు. మొదటి స్క్రోలింగు చూసిన రోజే ఆవిడ నన్ను పిలిచి వైరు పీకించేశారు. ఇప్పుడు గుమ్మంలో నిలబడి, "సుభానీ, వైరు లాగు. అది ఆపెయ్యకముందే లాగు" అన్నారు. నేను నిచ్చెన వేసి, లాగి, బిగించాను. ఆవిడ చీర చెంగుతో టీవీ తుడిచి, దగ్గరగా నిలబడి, పెదాలు కదుపుతూ మొత్తం చదివారు.

"ఈ మనిషి తన తప్పు కూడా ఎందుకు వేయించుకున్నాడు?" అన్నారు కోపంగా. "వాళ్లే లేదని వేశాక కూడా."

లోపలి గదిలోంచి దత్తాత్రేయులు గారి కేక వినపడింది. "నేనే కొట్టాను కాబట్టి వేయించాను. వినపడిందా?"

"వినపడింది. గుడి దాకా వినపడింది," అన్నారావిడ. కానీ టీవీ ముందు నుంచి కదల్లేదు. అది ఇంకోసారి రావాలని చూస్తున్నారు.

ఇప్పుడాయన సభకు వస్తున్నారు. శాలువా కప్పించుకుంటారో లేదో నేను హామీ ఇవ్వలేను. ఆయన చెరిసగం అని లెక్క తేల్చేసి ప్రశాంతంగా ఉన్నారు. నేను మాత్రం ఒప్పుకోను. స్టిక్కరు మారిస్తే ఒక్క రోజు పాడైంది. చెప్పినా వినకపోతే మూడేళ్లు పాడైంది. ఆ మూడేళ్లకు ఏ స్క్రోలింగూ సరిపోదు. ఆ గదిలో నేల చూసిన వాళ్లందరూ ఈ వ్యాసం చదివేటప్పుడైనా తలెత్తి చదవాలి.

మీ అమ్మవారూ మా అల్లా, ఎవరు ముందు వింటే వారు, శ్రీ దత్తాత్రేయులు గారికి చల్లని చూపు, చెక్కుచెదరని మోకాళ్లు, అదుపులో ఉండే బీపీ, కనకలక్ష్మి గారి చేతి వంట నిండు నూరేళ్లూ ఇవ్వాలి. మన బొమ్మ ఆగిన ప్రతిసారీ ఆయన ఇంటి నుంచి ఆఫీసుకు ఫోన్ చేసి కడిగెయ్యాలి. ఆ ఫోను ప్రతిసారీ యజమాని గారే ఎత్తి, పూర్తిగా వినాలి.

— సుభాని, లైన్‌మన్